ఆకాశం నుంచి దిగిన తెలుగు: ఉపగ్రహ దూరదర్శన ప్రయోగం నుంచి సంఘం రేడియో వరకు అభివృద్ధి ప్రసారాల భాష

అభివృద్ధి కోసం సమాచార, ప్రసార సాంకేతికతలను వినియోగించిన అంతర్జాతీయ పథకాల చరిత్ర ఇంతవరకు ఎక్కువగా యంత్రాల చరిత్రగానే సాగింది. ఎన్ని గ్రామాలకు ఎన్ని పెట్టెలు చేరాయి, ఎన్ని గంటల ప్రసారం జరిగింది, ఎంత ఖర్చయింది అన్న లెక్కలు నివేదికల ముందుభాగంలో ఉంటాయి. భాష సంగతి చివర ఎక్కడో 'స్థానిక భాషల్లో కార్యక్రమాలు రూపొందించారు' అనే ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. ఆ వాక్యంలోని 'స్థానిక భాష' ఎవరి భాష, ఆ భాషలో తిరిగి మాట్లాడే వీలు ఎవరికి దక్కింది అనే ప్రశ్నలను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు తెలుగు నేలమీద జరిగిన రెండు ప్రయత్నాలను ఎంచుకోవడమైనది. మొదటిది 1975-76లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా సహకారంతో జరిగిన ఉపగ్రహ బోధన దూరదర్శన ప్రయోగం. 'సైట్' అన్న పొట్టిపేరుతో ప్రసిద్ధం. రెండవది 1990ల చివర యునెస్కో తోడ్పాటుతో నాటి మెదక్ జిల్లా మాచనూరులో పుట్టి, 2008లో ప్రసారం ప్రారంభించిన సంఘం రేడియో. పరిమాణంలో ఈ రెండింటికీ పోలిక లేదు. ఒకటి దేశంలో ఆరు రాష్ట్రాలకు విస్తరించింది. రెండవది కొన్ని పదుల గ్రామాలకు పరిమితమైంది. అయినా మెదక్ జిల్లా ఈ రెండింటికీ వేదిక కావడం, రెండింటిలోనూ పనిచేసిన వ్యక్తి ఒకరు ఉండడం ఈ పోలికకు ఆధారాన్నిస్తున్నాయి. మొదటి ప్రయోగంలో తెలుగు పైనుంచి ఊళ్ళోకి దిగింది. రెండవదానిలో ఊరి తెలుగు పైకి లేచింది. ఈ రెండు కదలికల మధ్య తేడాను 'అందుబాటు', 'మారుపలుకు' అనే రెండు మాటలతో ఈ వ్యాసంలో సూచిస్తున్నాను. ప్రసారం ఎందరికి చేరిందన్నది అందుబాటు. విన్నవారు తమ మాటను తిరిగి వినిపించగలిగారా అన్నది మారుపలుకు.

పూనా నుంచి మొదలు

ప్రసార మాధ్యమాలు సంప్రదాయ సమాజాలను ఆధునికత వైపు నడిపిస్తాయనే నమ్మకం రెండవ ప్రపంచ యుద్ధానంతర కాలపు అంతర్జాతీయ సంస్థల్లో బలంగా ఉండేది. 1958లో డేనియల్ లెర్నర్, 1964లో విల్బర్ ష్రామ్ ప్రకటించిన గ్రంథాలు ఆ నమ్మకానికి సిద్ధాంత రూపమిచ్చాయి. ష్రామ్ గ్రంథం యునెస్కో ప్రోద్బలంతో వెలువడినదే. వీరి దృష్టిలో వెనుకబాటుతనం చాలావరకు సమాచారలోపం; సమాచారాన్ని చేరవేస్తే మార్పు తనంతట తానే వస్తుంది. 1970ల మధ్యకాలానికి ఎవరెట్ రోజర్స్ వంటి ఆ బాటకే చెందిన పండితులు సైతం ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించవలసి వచ్చింది. కాని ఉపగ్రహ ప్రయోగానికి రూపకల్పన జరిగినది అంతకుముందు, ఆ నమ్మకం నిండుగా ఉన్న రోజుల్లోనే.

అయితే ఆ సిద్ధాంత గ్రంథాలకన్నా ముందే భారతదేశంలో భిన్నమైన ప్రయోగం ఒకటి జరిగింది. 1956లో యునెస్కో, ఆకాశవాణి కలిసి నాటి బొంబాయి రాష్ట్రంలోని ఐదు మరాఠీ జిల్లాల్లో సుమారు 150 గ్రామాలను ఎంచుకుని రైతు రేడియో గోష్ఠులను నిర్వహించాయి. కెనడాలో 1940ల నుంచి నడుస్తున్న రైతు గోష్ఠుల నమూనా దీనికి మూలం. గ్రామంలో ఇరవై మందికి మించని బృందం రేడియో చుట్టూ కూర్చుని అరగంట కార్యక్రమం వినేది. విన్న తర్వాత చర్చించేది. సందేహాలనూ తీర్మానాలనూ రాసి కేంద్రానికి పంపేది. ఆ సందేహాలకు తరువాతి కార్యక్రమాల్లో జవాబులు వచ్చేవి. పది వారాల్లో ఇరవై కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. పాల్ న్యూరాత్ నేతృత్వంలో టాటా సామాజిక విజ్ఞాన సంస్థ జరిపిన మూల్యాంకనంలో గోష్ఠులున్న గ్రామాలు, గోష్ఠులు లేకుండా రేడియో మాత్రమే ఉన్న గ్రామాలకన్నా జ్ఞానంలో ఎంతో ముందంజ వేశాయని తేలింది.

ఇక్కడ గమనించవలసినది రేడియో పెట్టె కాదు, కార్డుముక్క. సాంకేతికంగా రేడియో ఏకముఖ సాధనం. దానికి తపాలాను జోడించడంతో అది ద్విముఖ సాధనమైంది. మారుపలుకుకు ఖరీదైన యంత్రం అవసరం లేదని 1956లోనే రుజువైందన్నమాట. తరువాత ఈ గోష్ఠులను దేశమంతటా విస్తరింపజేసినప్పుడు రేడియో మిగిలింది గాని, చర్చా ఉత్తరాలూ పలచబడ్డాయి. విస్తరణలో ముందుగా రాలిపోయేది ఏమిటో ఈ ఉదంతం చెబుతుంది.

ముప్పైయారు వేల కిలోమీటర్ల ఎత్తున

1969 సెప్టెంబరు 18న భారత అణుశక్తి శాఖకూ నాసాకూ మధ్య ఒప్పందం కుదిరింది. దాని వెనుక విక్రం సారాభాయి దూరదృష్టి ఉంది. వెనుకబడిన దేశం అంచెలంచెలుగా కాక ఒక్క గంతులో అత్యాధునిక సాంకేతికతను అందుకోవచ్చుననీ, టెలివిజన్ నగరాల్లో కాక గ్రామాల్లోనే ముందు మొదలు కావాలనీ ఆయన వాదించారు. అంతకు రెండేళ్ళ ముందు, 1967 జనవరి 26న, ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాల కోసం ప్రారంభమైన 'కృషి దర్శన్' కార్యక్రమం ఆ వాదానికి తొలి ప్రయోగశాల. ఒప్పందం అమలు కాకముందే 1971 డిసెంబరు 30న సారాభాయి కన్నుమూశారు. యశ్‌పాల్ నాయకత్వంలోని అహ్మదాబాదు అంతరిక్ష అనువర్తన కేంద్రం పనిని కొనసాగించింది.

ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని అమెరికా 1974 మే 30న ప్రయోగించింది. ఒక ఏడాది తమ దేశంలో వాడుకున్న తర్వాత దానిని తూర్పు ఆఫ్రికా మీదికి, 35 డిగ్రీల తూర్పు రేఖాంశానికి జరిపింది. భూమికి ముప్పైయారు వేల కిలోమీటర్ల ఎత్తున విచ్చుకున్న తొమ్మిది మీటర్ల యాంటెన్నా దానికి ఉంది. పైన యాంటెన్నా పెద్దది కాబట్టి కింద ఊళ్ళో చిన్న యాంటెన్నా సరిపోయింది. మూడు మీటర్ల వ్యాసంతో, కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుపతీగ వలతో తయారైన గొడుగు అది, అహ్మదాబాదులో రూపొందింది. పల్లెలకు వెళ్ళిన టెలివిజన్ పెట్టెలు హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌లో తయారయ్యాయి. ఉపగ్రహం నాసాది, భూమిమీది ఏర్పాట్లు భారత అంతరిక్ష సంస్థవి, కార్యక్రమాలు ప్రధానంగా ఆకాశవాణి టెలివిజన్ విభాగానివి. ఆ విభాగమే 1976 ఏప్రిల్‌లో దూరదర్శన్‌గా వేరుపడింది.

1975 ఆగస్టు 1న ప్రసారం ప్రారంభమైంది. అప్పటికి అత్యవసర పరిస్థితి విధించి ఐదు వారాలైంది. రాజస్థాన్, బీహార్, మధ్యప్రదేశ్, ఒరిస్సా, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలోని ఇరవై జిల్లాల్లో 2400 గ్రామాలు ఆ ప్రసారాన్ని అందుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాదు జిల్లాల గ్రామాలు ఇందులో చేరాయి. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. నాలుగు భాషల్లో ప్రసారం జరిగింది. మూడు రాష్ట్రాలకు హిందీ, మిగిలిన వాటికి ఒడియా, కన్నడ, తెలుగు. హిందీ కార్యక్రమాలు ఢిల్లీలోను, ఒడియా కార్యక్రమాలు కటక్‌లోను, తెలుగు, కన్నడ కార్యక్రమాలు హైదరాబాదులోను తయారయ్యేవి. సాయంత్రం అరగంట జాతీయ కార్యక్రమం మాత్రం అందరికీ హిందీలోనే.

చాలా గ్రామాల్లో సినిమా హాలు లేదు, వార్తాపత్రిక రాదు. అటువంటి చోట బడి అరుగు మీదో, పంచాయతీ ఆవరణలోనో పెట్టె వెలిగింది. తొలిరోజుల్లో వందల మంది చేరేవారు. కొత్త తగ్గాక ఆ సంఖ్య గ్రామానికి సుమారు వందకు వచ్చి నిలిచింది. తెలుగు టెలివిజన్ చరిత్ర నగరంలో కాక పల్లెల్లో మొదలైందన్న విషయం మన మాధ్యమ చరిత్రల్లో తగినంత గుర్తింపు పొందలేదు. కర్నూలు పల్లెలో రైతు తెలుగు టెలివిజన్ చూస్తున్న నాటికి విజయవాడలో, విశాఖపట్నంలో ఎవరికీ ఆ అవకాశం లేదు.

ఏ తెలుగు?

ఉపగ్రహంలో ఒక దృశ్యమార్గం, రెండు శబ్దమార్గాలు ఉండేవి. ఒకే బొమ్మను రెండు భాషల మాటలతో పంపే వీలు దానివల్ల కలిగింది. సాంకేతికంగా ఇది తెలివైన ఏర్పాటు. కాని ఒక బొమ్మకు రెండు భాషల శబ్దం జోడించాలంటే బొమ్మలోని మనిషి మాట్లాడకుండా ఉండడమే మేలు. అతని గురించి వేరొకరు మాట్లాడాలి. తెరమీద రైతు నాగలి పట్టి నడుస్తాడు, వెనుకనుంచి వ్యాఖ్యాత గొంతు వినిపిస్తుంది. రైతు పెదవి కదిలితే అది ఒక భాషకే సరిపోతుంది. వ్యాఖ్యాన శైలికి యంత్రమే ఇలా అనుకూలమైంది. సాంకేతికత భాషను నిర్దేశించిందని అనడం అతిశయోక్తి కావచ్చు. ఎవరు మాట్లాడడం సులువో నిర్దేశించిందని మాత్రం అనవచ్చు.

ఇక ఆ వ్యాఖ్యాత ఏ తెలుగు మాట్లాడాడు? దీనికి జవాబు 1975లో కాదు, రేడియో చరిత్రలో వెతకాలి. మద్రాసు కేంద్రం 1938లోను, విజయవాడ కేంద్రం 1948లోను మొదలయ్యాయి. తెలుగు ప్రసార భాష ఈ రెండుచోట్ల రూపుదిద్దుకుంది. ఉర్దూ ప్రధానమైన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. అందువల్ల తెలుగు ప్రసారానికి ఒరవడి కోస్తా విద్యావంతుల వాడుకభాష అయింది. శిష్టవ్యావహారికం అనే గౌరవనామం దానికి ఉంది. గిడుగు రామమూర్తి ఉద్యమ ఫలితంగా గ్రాంథికం నుంచి విముక్తి పొందిన భాష, రేడియోలో మరొక ప్రమాణానికి లోబడింది. కొన్నేళ్ళకే వార్తల తెలుగు అంటే ఇలాగే ఉండాలన్న భావన చదువుకున్నవారిలో స్థిరపడిపోయింది.

ఉపగ్రహ ప్రసారం అందిన నాలుగు జిల్లాల్లో ఒక్కటీ కోస్తాది కాదు. మూడు తెలంగాణవి, ఒకటి రాయలసీమది. సేద్యం గురించిన కార్యక్రమంలో భాషాభేదం ఎక్కడ అడ్డుతగులుతుందో చెప్పడానికి ఒక్క పంట చాలు. పుస్తకం 'వేరుశనగ' అంటుంది. తెలంగాణ రైతు 'పల్లికాయ' అంటాడు. కర్నూలు ప్రాంతంలో 'బుడ్డలు' అంటారు. రాయలసీమలోనే మరికొన్ని చోట్ల 'శెనక్కాయలు'. శెనక్కాయ అన్న మాటను శనగలతో పొరబడే ప్రమాదం వేరే ఉంది. మొక్కజొన్నను తెలంగాణలో మక్కలంటారు. పనిముట్ల పేర్లు, నేలల పేర్లు, తెగుళ్ళ పేర్లు ఇంకా దగ్గరి దూరాల్లోనే మారిపోతాయి. ప్రేక్షకుడికి ప్రామాణిక పదం అర్థం కాదని కాదు. ఆ పదం విన్నప్పుడు ఇది తన పొలం సంగతి కాదనీ, ఆఫీసు సంగతి అనీ అతనికి తోస్తుంది. అర్థం కావడానికీ తనదనిపించడానికీ మధ్య ఉన్న ఈ ఖాళీయే అభివృద్ధి ప్రసారాల్లో అసలు దూరం.

విచారించవలసిన విషయం ఏమంటే, ఈ దూరాన్ని కొలిచే సాధనం అప్పటికే తెలుగువారి దగ్గర ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటాన్ని 1962లో ప్రచురించింది. అది వ్యవసాయ పదాలకే కేటాయించిన సంపుటం. జిల్లాలవారీగా రైతుల నోట సేకరించిన ఆ పదజాలం ఆధారంగానే తెలుగు నాలుగు ప్రధాన మాండలిక మండలాలుగా విభజన పొందింది. ఉపగ్రహం వచ్చేనాటికి ఆ సంపుటం వెలువడి పదమూడేళ్ళు. ఒక అంతర్జాతీయ పథకానికి కావలసిన భాషాసామగ్రి విశ్వవిద్యాలయపు తెలుగు, భాషాశాస్త్ర శాఖల్లో సిద్ధంగా ఉంది. యాంటెన్నా వ్యాసం, పౌనఃపున్యం, విద్యుత్ సరఫరాల కోసం పథకంలో ప్రత్యేక నిపుణ బృందాలున్నట్టుగా మాండలిక భాష కోసం ఒక బృందం ఉండివుంటే, మన ప్రసార భాషా చరిత్ర మరోలా ఉండేదని నా అభిప్రాయం.

హిందీ ప్రాంతంలో ఈ సమస్య మరింత తీవ్రం. బీహారులో భోజ్‌పురి, మైథిలి మాట్లాడే గ్రామాలకూ, రాయపూర్ వైపు ఛత్తీస్‌గఢీ మాట్లాడే గ్రామాలకూ, రాజస్థానీ గ్రామాలకూ ఒకే హిందీ వెళ్ళింది. దీనికి విరుద్ధమైన ఉదాహరణ అదే అంతరిక్ష సంస్థ గుజరాత్‌లో చూపింది. ఖేడా జిల్లా పిజ్ గ్రామంలో తక్కువ శక్తిగల ట్రాన్స్‌మిటర్‌తో 1975లోనే మొదలైన ఆ పథకం సుమారు 400 గ్రామాలకు పరిమితమైంది. అక్కడ నిర్మాతలు చరోతర్ ప్రాంతపు మాండలికాన్ని వాడారు. ఊళ్ళలోకి వెళ్ళి ఊరివారిచేత నటింపజేశారు. కూలి, అంటరానితనం, అధికారుల నిర్లక్ష్యం వంటి సంగతులు కథల్లోకి వచ్చాయి. గ్రామీణ ప్రసారాలకు యునెస్కో బహుమతి 1980ల మధ్యలో ఖేడాకు లభించింది. బహుమతి దక్కిన ఆ కాలంలోనే పిజ్ ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసు నగరంలో రెండవ ఛానల్ కోసం తరలించారన్నది కూడా చరిత్రలో భాగమే.

ఏడాది తర్వాత

సైట్ ప్రయోగాన్ని తక్కువచేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అంత పెద్ద సామాజిక మూల్యాంకనం అంతకుముందు ఏ ప్రసార పథకానికీ జరగలేదు. బినోద్ అగ్రవాల్ ఆధ్వర్యంలో మానవశాస్త్ర పరిశోధకులు ఎంపిక చేసిన గ్రామాల్లో నెలల తరబడి నివసించి, ఊరివారితో కలిసి టెలివిజన్ చూసి నివేదికలు రాశారు. ఆరోగ్యం, పరిశుభ్రత, కుటుంబ నియంత్రణ వంటి విషయాల్లో అవగాహన పెరిగిందనీ, ఆ పెరుగుదల చదువురాని స్త్రీలలో ప్రస్ఫుటంగా ఉందనీ తేలింది. వ్యవసాయంలో మాత్రం అదనపు ఖర్చూ వసతులూ అవసరం లేని సూచనలనే రైతులు ఆచరించారు. ఎరువు దొరకని ఊళ్ళో ఎరువు గురించి ఎంత చెప్పినా ఫలితం ఉండదు. వెనుకబాటుతనం సమాచారలోపమే అన్న సిద్ధాంతానికి ఇంతకన్నా స్పష్టమైన జవాబు అక్కరలేదు. పిల్లల విషయంలో బడిమానడం తగ్గలేదు గాని, భాషాసామర్థ్యం మెరుగైంది. 1975 దసరా సెలవుల్లోను ఆ తర్వాతా రెండు విడతలుగా పన్నెండేసి రోజులపాటు సుమారు 48,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇవ్వడం ఈ ప్రయోగపు నిస్సందేహమైన విజయం. అక్కడ టెలివిజన్‌కు తోడు అచ్చుపాఠాలు, ప్రయోగ సామగ్రి, చర్చ ఉన్నాయి. పూనా గోష్ఠుల ఛాయ కనిపించేదీ అక్కడే.

1976 జులై 31తో ప్రసారం ఆగింది. ఒప్పందం ఏడాదికే. ఉపగ్రహం మళ్ళీ అమెరికా వైపు మళ్ళింది. ఆ గ్రామాల్లో కొంత భాగానికైనా ప్రసారం కొనసాగించడం కోసం భూతల ట్రాన్స్‌మిటర్లు ఏర్పాటయ్యాయి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఆ విధంగా మొదలైనదే. కాని భూతల ట్రాన్స్‌మిటర్ నగరాన్ని కేంద్రంగా చేసుకుని గుండ్రంగా వ్యాపిస్తుంది. దాని పరిధికి దూరంగా ఉన్న కర్నూలు పల్లెల్లో తెర మళ్ళీ చీకటైంది. పరాయి యంత్రంమీద ఆధారపడిన పథకాలకు గడువు ఉంటుంది. ఊళ్ళో కలిగిన అలవాటుకు ఉండదు. 1982లో రంగుల టెలివిజన్, 1983లో ఇన్‌శాట్-1బి, ఆ మరుసటి ఏడు ధారావాహికలు వచ్చేసరికి పల్లెకోసం పుట్టిన తెలుగు టెలివిజన్ నగరం ముందుగదిలో స్థిరపడింది.

మాచనూరు

హైదరాబాదు దూరదర్శన్ నిర్మాతగా సైట్ ప్రయోగంలో ముఖ్యపాత్ర వహించిన వారిలో కన్నడిగుడైన పి.వి. సతీష్ ఒకరు. టెలివిజన్‌లో సుమారు రెండు దశాబ్దాల అనుభవం ఆయనది. 1983లో మిత్రులతో కలిసి జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ అభివృద్ధి సంస్థను స్థాపించారు. దళిత స్త్రీల గ్రామసంఘాలు ఆ సంస్థకు ఆధారం. చిరుధాన్యాల సాగు, విత్తన సంరక్షణ, బీడు భూముల పునరుద్ధరణ వారి పని. 2023 మార్చిలో మరణించేవరకు ఆయన ఆ ప్రాంతాన్ని విడువలేదు. ఉపగ్రహంనుంచి మాట్లాడిన వ్యవస్థలో పనిచేసిన వ్యక్తి, వినేవారే మాట్లాడే వ్యవస్థకు తోడ్పడడం యాదృచ్ఛికమని నేననుకోను.

1990ల రెండవ సగంలో యునెస్కో తన విద్యాకార్యక్రమంలో భాగంగా మాచనూరులో రేడియో కేంద్రానికి సాయమందించింది. స్టూడియో 1998 నాటికి సిద్ధమైంది. ప్రసారానికి అనుమతి మాత్రం లేదు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో పి.బి. సావంత్, ఎస్. మోహన్‌లతో పాటు బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. తీర్పు ఉన్నా చట్టం కదలలేదు. 2000 జులైలో పస్తాపూర్‌లో యునెస్కో తోడ్పాటుతో జరిగిన సమావేశం సముదాయ రేడియో కోసం ఒక ప్రకటన వెలువరించింది. 2002లో విద్యాసంస్థలకు అవకాశం కలిగింది. స్వచ్ఛంద సంస్థలకు 2006 నవంబరు వరకూ తలుపు తెరుచుకోలేదు.

ఈ పదేళ్ళ నిరీక్షణలో జరిగినది నా దృష్టిలో మొత్తం కథలో అతిముఖ్యమైన ఘట్టం. యంత్రం ఉంది, గాలిలోకి వెళ్ళే దారి లేదు. సంఘం స్త్రీలు కార్యక్రమాలను రికార్డు చేసి, ఆ టేపులను గ్రామసంఘాల సమావేశాలకు తీసుకుపోయి వినిపించారు. విన్నవారు అక్కడే అభిప్రాయం చెప్పేవారు. ఆ అభిప్రాయాలు తరువాతి టేపుకు ముడిసరుకయ్యేవి. 1956 నాటి పూనా గోష్ఠుల పద్ధతి ఎవరూ పేరు పెట్టి తలచుకోకుండానే మాచనూరులో మళ్ళీ పుట్టింది. అనుమతి వెంటనే వచ్చివుంటే ఈ మారుపలుకు అలవాటు ఇంత గట్టిపడేది కాదేమో.

2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం ప్రారంభమైంది. వాయుతరంగాల తీర్పు రాసిన పి.బి. సావంత్ దానిని ప్రారంభించారు. 90.4 మెగాహెర్ట్జ్ మీద సాయంత్రం వేళ, పనులు ముగించుకుని ఆడవారు ఇల్లు చేరే సమయంలో ఆ ప్రసారం నడిచింది. బడిలో ఎక్కువకాలం చదవని దళిత యువతులు రికార్డింగు, కూర్పు, ప్రసారం నిర్వహించారు. విత్తనాలు, పశువైద్యం, పండుగలు, పాటలు, సంఘంలోని తగవులు అందులోని విషయాలు. భాష జహీరాబాద్ ప్రాంతపు తెలుగు. కన్నడ, ఉర్దూ, మరాఠీల సరిహద్దులో పెరిగిన ఆ తెలుగుకు అంతవరకు తెలుగు రేడియోలో స్థానం హాస్యపాత్రల సంభాషణకే.

భాషాపరంగా ఇక్కడ జరిగిన మార్పును మాండలికానికి గౌరవం దక్కిందని చెప్పి సరిపెట్టుకోకూడదు. ప్రామాణిక భాషలో వ్యాఖ్యాత మాట్లాడి, మధ్యలో 'రైతు మాట' అంటూ మాండలికాన్ని వినిపించే పద్ధతి ఆకాశవాణికి కొత్త కాదు. అక్కడ మాండలికం ఉదాహరణ. వివరించే అధికారం ప్రామాణిక భాషది. మాచనూరులో ప్రశ్న అడిగే గొంతు, జవాబు చెప్పే గొంతు, సారాంశం చెప్పే గొంతు అన్నీ ఒకే భాషలో ఉన్నాయి. కొర్రలు ఏ నేలలో వేయాలన్నది అక్కడ నిపుణుడు రైతుకు చెప్పిన సమాచారం కాదు. ఒక రైతు మరొక రైతుకు చెప్పిన అనుభవం. అధికారం మారిన తర్వాతనే మాండలికం శాస్త్రభాష అయింది.

కొన్ని అభ్యంతరాలు

ఈ పోలికకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం పరిమాణం. 2400 గ్రామాలకు చేసిన పనిని కొన్ని పదుల గ్రామాల పనితో ఎలా తూస్తారని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అంటువ్యాధి వచ్చినప్పుడో, తుపాను ముంచుకొచ్చినప్పుడో అందుబాటే ప్రాణం. మారుపలుకు కోసం ఆగడానికి వీల్లేదు. అటువంటి వేళ ఉపగ్రహానికి సాటి లేదు. కాని 2400 గ్రామాల లెక్కలో ఒక్కో గ్రామం ఒక్కో పెట్టెగానే నమోదైంది. మాచనూరును విస్తరింపజేయడమంటే ఆ ట్రాన్స్‌మిటర్ శక్తిని పెంచడం కాదు. అటువంటి కేంద్రాలను ఎక్కువ చేయడం. శక్తి పెంచితే అది మరో ఆకాశవాణి అవుతుంది.

రెండవ అభ్యంతరం బయటి జ్ఞానం గురించి. ఊరి మాటే ఊరికి వినిపిస్తే కొత్త విషయం ఎక్కడినుంచి వస్తుంది? దీనికి జవాబు 1998లోనే పుదుచ్చేరి ప్రాంతంలో దొరికింది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కెనడా అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రం సాయంతో అక్కడ సమాచార గ్రామాలు నెలకొల్పింది. సముద్రపు అలల ఎత్తు గురించి అమెరికా నౌకాదళం ఇంటర్నెట్‌లో ఉంచే అంచనాలను కేంద్రంలోని స్థానికులు తమిళంలోకి మార్చి లౌడ్‌స్పీకర్లో మత్స్యకారులకు వినిపించారు. సమాచారం ఎంత దూరంనుంచి వచ్చినా, చివరి అడుగు ఊరి గొంతుతో వేస్తే చాలు. బెంగళూరులో 2006లో పరిశోధన పథకంగా మొదలై తర్వాత ఆంధ్రప్రదేశ్ పల్లెలకు వచ్చిన డిజిటల్ గ్రీన్ కూడా ఈ సూత్రాన్నే దృశ్యానికి వర్తింపజేసింది. పొరుగూరి రైతే వీడియోలో కనిపిస్తాడు. ప్రదర్శన దగ్గర ఒకరు నిలబడి మధ్యమధ్య ఆపి చర్చ నడిపిస్తారు.

రాతవిషయంలో తెలుగు అనుభవం వేరు. 1990ల చివర పల్లెలకు కంప్యూటర్ కేంద్రాలు వస్తున్నప్పుడు తెలుగు అక్షరాలకు తలొక సంకేత పద్ధతి ఉండేది. 1991లో ఇస్కీ ప్రమాణం, అదే ఏడు యూనికోడ్ తొలి రూపం వెలువడినా, సాధారణ కంప్యూటర్‌లో తెలుగు యూనికోడ్ పనిచేయడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ దాకా ఆగవలసి వచ్చింది. ఆ పదేళ్ళలో ఒక యంత్రంలో టైపు చేసిన తెలుగు మరొక యంత్రంలో అర్థం లేని గుర్తులుగా మారేది. గొంతుకు ఆ అడ్డంకి లేదు. తెలుగు పల్లెల్లో అక్షరాల సాంకేతికతకన్నా గొంతుల సాంకేతికతలు ముందుగా వేళ్ళూనడానికి నిరక్షరాస్యతతోపాటు ఇదీ ఒక కారణం.

మాచనూరు టేపుల్లో భద్రమైన తెలుగు భాషాశాస్త్ర పరిశోధకులకు అరుదైన వనరు. 1962 నాటి వృత్తి పదకోశానికి రైతుల నోట పదాలను సేకరించిన పరిశోధకులు ప్రశ్నావళి పట్టుకుని వెళ్ళారు. జవాబు ఒక పదమో, ఒక పదబంధమో. ఈ టేపుల్లో పదం తన వాక్యంలో ఉంది, వాక్యం తన సంభాషణలో ఉంది. విత్తనం పేరు వచ్చినచోట దానిని దాచే పద్ధతీ, అది ఎవరింటి నుంచి వచ్చిందీ, ఏ పండుగకు ఏం వండుకుంటారన్నదీ వెంటవెంటనే వస్తాయి. ఆ మాటలను అక్షరబద్ధం చేసి పదకోశం పక్కన పెట్టి చూడవలసిన పని మిగిలే ఉంది.